పటాలాయన దక్షిణం గోడ

గోడకు మేకు కొట్టడం చాలామందికి వచ్చు. తీయడం రాదు. కొట్టేటప్పుడు ఉన్న శ్రద్ధ తీసేటప్పుడు ఉండదు కాబట్టి మేకుతోపాటు గోడ పెచ్చు కూడా ఊడొస్తుంది. ఆ గుంట పదేళ్లు అట్లాగే నోరు తెరుచుకుని ఉంటుంది. మొన్న మా బడిలో పాత నోటీసు బోర్డు మార్చడానికి వచ్చినాయన మేకును సుత్తితో ఆ పక్కా ఈ పక్కా బాది పీకుతుంటే, "జర ఆగు, దాని కింద చెక్కముక్క పెట్టు" అని గట్టిగా అనేశాను. అన్నాక తెలిసింది, ఆ మాట నాది కాదని. సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో పటాలు కట్టే ఒకాయనది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మాట మాత్రం నా నోట్లో కాపురం పెట్టింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఊళ్లో సగం మందికి తెలియదు. పటాలాయన అంటే మాత్రం పెన్‌పహాడ్ నుంచి వచ్చినవాళ్లు కూడా నేరుగా దుకాణానికి పోతారు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయే దుకాణం అది. ఒక పక్క ఫ్రేము కట్టెలు బారుగా నిలబెట్టి ఉండేవి, ఇంకో పక్క కట్టడం అయిపోయిన పటాలు. వెంకటేశ్వరస్వామి, గొర్రెపిల్లను ఎత్తుకున్న యేసు, పెళ్లికూతురూ పెళ్లికొడుకూ, పోయినవాళ్లు. దేవుళ్లు, పెళ్లిళ్లు, చావులు, ఈ మూడింటి మీదే ఆ దుకాణం నడిచేది. నాలుగో రకం మేం పట్టుకెళ్లాం.

మేమంటే ఐదుగురం. సూర్యాపేటలో ఇద్దరం, మిర్యాలగూడలో ఇద్దరు, కోదాడలో ఒకరు. నేను ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ టీచర్ని. కోదాడ మిత్రుడు బ్యాంకులో పనిచేస్తాడు. ఏడాదికోసారి ఐదుగురం కలిసి చిత్రప్రదర్శన పెడతాం, ఒక్కో ఏడాది ఒక్కో ఊళ్లో. మేం వేసేవన్నీ అమూర్త చిత్రాలు. వాటిలో మనిషి ఉండడు, గుడిసె ఉండదు, ఎద్దు ఉండదు. రంగు, గీత, ఖాళీ జాగా, అంతే. మీ ఊళ్లలో ఇవి ఎవరు చూస్తారని హైదరాబాద్‌లో మమ్మల్ని జాలిగా అడుగుతారు. చూస్తారు. తిడతారు కూడా. తిట్టాలన్నా ముందు చూడాలి కదా, మాకు అది చాలు.

నా మొదటి బొమ్మను ఆయన దగ్గరికి తీసుకెళ్లిన రోజు బాగా గుర్తు. నేను దాన్ని ఆయనకు ఎదురుగా, వెలుతురు పడేట్టు, ఎంతో గొప్పగా పట్టుకున్నాను. ఆయన దాని మొహం చూడలేదు. చేతుల్లోంచి తీసుకుని వెనక్కి తిప్పి, బట్ట ఎట్లా బిగించానో, చెక్క ఎక్కడ వంగిందో చూశాడు.

"బొమ్మ ముందర అందరు సూస్తరు టీచరమ్మా," అన్నాడు. "ఎనక సూసేటోణ్ణి నేనొక్కణ్ణే."

తర్వాత చెవి మీది పెన్సిల్ తీసి, పైభాగం ఏదని అడిగి బాణం గుర్తు వేశాడు. పేరు అడిగి నా పేరు రాశాడు. అప్పుడు తిప్పి, ముందు వైపు చూసి, ఇందులో ఎవరున్నారని అడిగాడు. అడిగినవాళ్లను వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. అమూర్త కళ అంటే ఏమిటో, మనిషి బొమ్మ ఎందుకు అక్కరలేదో పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆయన సాసర్లో చాయ్ పోసుకుని తాగుతూ మొత్తం విన్నాడు. విని, అయితే ఇందులో మనిషి లేడన్న మాట అన్నాడు. లేడన్నాను.

"ఇంకెవ్వరు లేకుంటే గీసినోళ్లు ఉన్నట్టే గద. దీన్ల నువ్వున్నవ్."

ఈ సంగతి మీద లావుపాటి పుస్తకాలు చదివాను నేను. అందులో సగం ఆ ఒక్క మాటలో ఉంది. ఆ రోజు ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దుకాణంలో మూలన పీట మీద ఆయన భార్య కూర్చునేది. ఆయన్ని అన్నా అనేదాన్ని గనుక ఆమె నాకు వదిన. అద్దం కోసే పని ఆమెది. స్కేలు ఆనించి డైమండ్ కట్టర్‌తో ఒక్క గీత గీసి, బొటనవేలితో నొక్కేది. టక్కుమని అద్దం రెండు ముక్కలయ్యేది. రెండోసారి గీయడం నేను ఏనాడూ చూడలేదు. మాట కూడా అంతే, ఒక్కసారే. ఆయన ఎంత మాట్లాడినా ఆమె తల ఎత్తేది కాదు, కానీ ఒక్క అక్షరం వదలకుండా వినేది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పోయినవాళ్ల ఫోటో పట్టుకుని ఎవరైనా వస్తే ఆయన అడిగే ప్రశ్న ఒకటే. పోయినాయన నవ్వేటోడేనా? ఎవరూ ఊహించని ప్రశ్న అది. వచ్చినవాళ్లు ఒక్క క్షణం తడబడి, తర్వాత ఏదో గుర్తొచ్చి చెప్పడం మొదలుపెట్టేవాళ్లు. నవ్వే మనిషైతే సన్నటి బంగారు అంచు ఫ్రేము, ముక్కుసూటి మనిషైతే వెడల్పాటి నల్ల ఫ్రేము. ఫ్రేము కట్టడం పూర్తయ్యాక చేయి చాచి దూరంగా పట్టుకుని చూసేవాడు. బాగుంది అనేవాడు కాదు. "నిలవడ్డది" అనేవాడు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడానికి మేం ఐదుగురం చిన్నపిల్లల్లా ఎదురుచూసేవాళ్లం. నాకు ఆరేడేళ్లలో రెండుసార్లు వచ్చింది. కోదాడ మిత్రుడికి ఒక్కసారి. ఆయన ఇప్పటికీ దాన్ని తన పెళ్లి కన్నా ఎక్కువసార్లు చెప్పుకుంటాడు.

మొదటి ప్రదర్శనకు బొమ్మలు మేమే తగిలించుకున్నాం. ఐదుగురం కళాకారులం కలిసి ఒక్క బొమ్మను సరిగ్గా నిలబెట్టలేకపోయాం. ఒకటి ఎడమకు వాలితే ఇంకోటి మొహం కిందకు వేసుకుంది. చివరికి ఆయన్ని పిలిపించాం. సగం నీళ్లున్న పాత మందు సీసా ఒకటి జేబులోంచి తీసి, ఫ్రేము మీద అడ్డంగా పడుకోబెట్టి, నీళ్లు సమంగా నిలిచేదాకా జరిపాడు. గంటన్నరలో హాలు హాలుగా కనిపించింది. అప్పటి నుంచి ఆయన మాకు ఆరో మనిషి. ఏ ఊళ్లో ప్రదర్శన పెట్టినా పాత దుప్పట్లలో చుట్టిన బొమ్మల మధ్య, ట్రాలీ ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుని వచ్చేవాడు.

వచ్చాక హాలు మధ్యలో చెప్పులు విడిచి నిలబడి మొదట అడిగేది, దక్షిణం ఎటు అని.

మా ఇళ్లలో పోయినవాళ్ల పటం దక్షిణం గోడకు పెడతాం. బతికున్నవాళ్లది ఆ గోడకు చస్తే పెట్టం. ఇది అందరికీ తెలిసిందే. ఆయన దాన్ని మా ప్రదర్శనకు కూడా తెచ్చాడు. ఈ బొమ్మల్లో ఉన్నది మీరే, మీరు బతికే ఉన్నారు, కాబట్టి దక్షిణం గోడకు ఒక్క బొమ్మ కూడా తగిలించను అన్నాడు. లెక్క ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఐదుగురి బొమ్మలు, నాలుగు గోడలు, అందులో ఒకటి ఖాళీ. కోదాడ మిత్రుడు భగ్గుమన్నాడు. "ఏవండీ, ఇది ఆర్ట్ గ్యాలరీ అనుకున్నారా, మీ ఇల్లనుకున్నారా?" అని అడిగాడు. పటాలాయన సుత్తి సంచిలో పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. మేం వెంటపడి తీసుకొచ్చాం. దక్షిణం గోడ ఖాళీగా ఉంది.

దాని తర్వాతి ఏడాది కోదాడలో జరిగింది చెప్పాలి. వాన, మబ్బు, సూర్యుడి జాడ లేదు. ఫంక్షన్ హాలుకు కొత్తగా వచ్చిన వాచ్‌మన్‌ను దక్షిణం ఎటని అడిగితే అతను తడుముకోకుండా ఒక గోడ చూపించాడు. ఆ గోడ వదిలేసి మిగతా మూడింటికీ బొమ్మలు తగిలించి వెళ్లిపోయాం. పొద్దున మబ్బు విడిచింది. పటాలాయన తలుపు తీసి చూస్తే, ఉత్తరం అనుకున్న కిటికీలోంచి లేత ఎండ లోపలికి వచ్చి నేల మీద పరుచుకుని ఉంది. లెక్క మొత్తం ఒక గోడ పక్కకు జరిగింది. తూర్పు అనుకుని తగిలించిన గోడ అసలు దక్షిణం. దాని మీద రాత్రంతా ఉన్నవి కోదాడ మిత్రుడి మూడు బొమ్మలు.

నేను పోయేసరికి చాయ్ కూడా తాగకుండా వాటిని దించుతున్నాడు. ఇంకో గంటలో అతిథులు వస్తారు. మిత్రుడు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఆయన మాత్రం మిత్రుడి మొహం పరీక్షగా చూసి, ఒళ్లు వెచ్చగా ఉందా సార్ అని అడిగాడు. ఉంది. ముందురోజు వానలో తడుస్తూ బొమ్మలు దింపినవాడికి జ్వరం రాక ఏమొస్తుంది? నేను అదే చెప్పాను. ఇద్దరూ నా మాట వినలేదు. పటాలాయన కొబ్బరికాయ తెప్పించి గడప దగ్గర కొట్టించాడు. మిత్రుడు బ్యాంకు ఉద్యోగి, హేతువాది, పైగా ఉపన్యాసాలు ఇస్తాడు. కళ్లు మూసుకుని చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ మరుసటి ఏడాది మేం హాల్లో అడుగు పెట్టగానే ఫోన్‌లో దిక్సూచి తెరిచి పట్టుకుని, దక్షిణం ఎటండీ అని మొదట అడిగింది ఈ మిత్రుడే.

ప్రదర్శన ముగిసిన రోజు పటాలాయన నన్ను అడిగేది ఒక్కటే, బడి నుంచి సుద్దముక్కలు తెచ్చావా అని. పట్టుకారు కింద చెక్కముక్క పెట్టి, మేకును కొద్దికొద్దిగా తిప్పుతూ, వచ్చిన దారినే తిరిగి పోతున్నట్టు నిటారుగా లాగేవాడు. సుద్ద పొడిలో చుక్క తెల్ల జిగురు కలిపి బొటనవేలితో గుంటలో నింపి, తడిబట్టతో తుడిచేవాడు. వంగిన మేకుల్ని రాయి మీద పెట్టి సాపు చేసి బిస్కెట్ డబ్బాలో వేసుకునేవాడు. ఎందుకింత శ్రమ, మన గోడ కాదు కదా అని మిర్యాలగూడ మిత్రుడొకసారి అన్నాడు. మనది కాదు కాబట్టే అని ఆయన జవాబు. మనం పోయాక ఇంకొకళ్లు వచ్చి పెట్టుకోవాలి కదా అన్నాడు.

ఇక మా అమ్మ సంగతి. అమ్మది నిడమనూరు దగ్గర పల్లె. జీవితమంతా వరి పొలాల్లో గడిచింది. ఆమె పోయిన ఏడాది నేనొక బొమ్మ వేశాను. పెద్దది. కింద సగం బురదనీటి రంగు, ఆ నీటిని తాకుతూ వెలిసిపోయిన ఊదారంగు, పైన ఏమీ లేదు. నాటు వేసేటప్పుడు అమ్మ చీర కుచ్చిళ్లు తడిసి ఆ రంగులోకి వచ్చేవి. అది ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. శీర్షిక లేదు, నాలుగు అని మాత్రం జాబితాలో రాయించాను. అమ్మ కోసం ఏడవడం నాకు అప్పటికి చేతకాలేదు. రంగు కలపడం చేతనయింది, అదే చేశాను.

ఆ ఏడాది ప్రదర్శన మిర్యాలగూడలో, రైసు మిల్లుల వైపు ఒక హాల్లో. నేను వెళ్లేసరికి బొమ్మలన్నీ తగిలించడం అయిపోయింది. నావి మూడు పడమటి గోడకు ఉన్నాయి. నాలుగోది ఒక్కటే, దక్షిణం గోడ నడిమధ్యన ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఖాళీ ఉంచిన గోడకు నా బొమ్మే దొరికిందా, నేను బతికున్నట్టు కనిపించడం లేదా అని అడిగాను. హాల్లో అందరూ పని ఆపి చూస్తున్నారు. ఆయన నిచ్చెన దిగి, నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినిపించేట్టు అన్నాడు.

"దీన్ల నువ్వు లేవు టీచరమ్మా."

ఆయన సుత్తి కింద పెట్టి, "అమ్మ నవ్వేటామెనా?" అని అడిగాడు.

"నవ్వేది," అన్నాను. ఆ ఒక్క మాటతో ఏడాది నుంచి రాని ఏడుపు వచ్చింది. మెట్ల మీదికి పోయి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. చుట్టూ మిల్లుల నుంచి వచ్చే ఊక వాసన. అమ్మ ఒంటి మీద కూడా కోతల కాలంలో ఆ వాసనే ఉండేది.

తర్వాత అడిగాను, ఎట్లా తెలిసిందని. ఇందులో మంత్రమేమీ లేదన్నట్టు చెప్పాడు. ఒకసారి ఫ్రేములు తారుమారై నా బొమ్మకు ఇంకొకరి పేరు పడింది. అప్పటి నుంచి బొమ్మ ఇచ్చిన ప్రతిసారీ వెనక నా పేరు పెద్దగా రాయమని ఒకటికి రెండుసార్లు చెప్పేదాన్నట. ఈ బొమ్మకు రాయమనలేదట. ఆటోలో మిగతావాటిని నిలబెట్టి తెచ్చి, దీన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చానట. అమ్మ పోయిన సంగతి ఆయనకు ముందే తెలుసు. ఇదంతా ఆయన పని చేసుకుంటూ తల వంచుకుని గమనించినదే. మూలన పీట మీద వదిన కూడా గమనించి ఉంటుందని అప్పుడు తట్టలేదు నాకు.

మిర్యాలగూడ కథ అక్కడితో అయిపోలేదు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి మెడలో దండ వేస్తే ఆయన తీసి బల్ల మీద పెట్టాడు. హాలు వాచ్‌మన్ ఆ దండ వాడిపోతుందని, చుట్టూ చూసి, దక్షిణం గోడకు ఒంటరిగా ఉన్న బొమ్మ కనిపించగానే దానికి వేశాడు. పాపం, అతనికి మరో అనుమానం రాలేదు. అంతే, వచ్చినవాళ్లు ఆ బొమ్మ దగ్గర చెప్పులు విడవడం మొదలుపెట్టారు. కొందరు దండం పెట్టారు. మిగతా బొమ్మల్ని చూసి నవ్విన వాళ్లు కూడా దీని ముందు మెల్లగా మాట్లాడారు. కోదాడ మిత్రుడు నా చెవిలో, ఇది ప్రదర్శనా సంతాప సభా చెప్పండి, పోనీ దండ తీసేయించనా అన్నాడు. వద్దన్నాను. మిల్లులో పనిచేసే ఒక పెద్దామె నా పక్కన నిలబడి చాలాసేపు ఆ బురద రంగు చూసింది. ఎవరు పోయారు బిడ్డా అని అడిగింది. మా అమ్మ అన్నాను. మూడు రోజులూ ఆ దండ అట్లాగే ఉంది. నా బొమ్మలు చాలా ఊళ్లు తిరిగాయి, అంత మర్యాద ఇంకెక్కడా జరగలేదు.

పటాలాయన పోయిన వానకాలంలో పోయాడు. నాలుగు రోజులు దవాఖానలో ఉన్నాడు, ఐదో రోజు లేడు. పెద్దకర్మ నాడు వాళ్లింటికి వెళ్లాను. ఊరందరి పటాలు కట్టినాయనకు సరైన ఫోటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డు మీది ఫోటోను పెద్దది చేయించి పెట్టారు. ఎవరో వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడినట్టున్నాడు అందులో. వదిన దాని వైపు చూడకుండా కూర్చుని ఉంది. ఆ మొకం ఆయనది కాదని నాతో అంది. తర్వాత నా చేయి పట్టుకుంది.

"ఈసారి మీ ఎగ్జిబిషన్‌ల ఆ దక్షిణం గోడకు ఆయనను పెట్టు టీచరమ్మా. నేనొచ్చి సూస్త."

సరేనన్నాను. సరేననడంలో నాకు ఎప్పుడూ ఆలస్యం లేదు. నాకంటే బాగా ఆయన్ని ఎవరు వేస్తారు అనుకున్నాను. మొహం వేయదలుచుకోలేదు, మొహాలు వేయడం మానేసి పాతికేళ్లయింది. అమ్మ వచ్చినట్టే ఈయన కూడా వస్తాడనే నా ధైర్యం.

నాలుగు నెలలు వేశాను. వార్నిష్ గోధుమరంగు పొరలు పొరలుగా, దాన్ని అడ్డంగా కోసే సన్నటి బంగారు గీత, అద్దం అంచున కనిపించే ఆ పచ్చదనం, కింద నీటిమట్టంలా నిలిచిన తెలుపు. పూర్తయ్యాక దాని ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అంత మంచి బొమ్మ నేను అంతకుముందు వేయలేదు. మిత్రులు నలుగురూ అదే అన్నారు. కోదాడ మిత్రుడు దాని ముందు అయిదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డాడు. అది ఆయన జీవితంలో మొదటిసారి.

వరుస ప్రకారం ప్రదర్శన సూర్యాపేటలోనే వచ్చింది, గ్రంథాలయం మీది హాల్లో. దక్షిణం గోడకు నేనే మేకు కొట్టి, మందు సీసా పెట్టి చూసి మరీ తగిలించాను. ప్రారంభోత్సవానికి గంట ముందు వదిన వచ్చింది. చేతిలో గుడ్డసంచి. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మిగతా గోడల వైపు తల తిప్పకుండా నేరుగా ఆ బొమ్మ ముందుకు పోయి నిలబడింది. నేను రెండడుగులు వెనక ఉన్నాను. ఆమె మెచ్చుకుంటే ఏమనాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

చాలాసేపు చూసింది. తర్వాత అద్దం కోసే ఆ రెండు చేతులతో ఫ్రేము కింది అంచు పట్టుకుని గోడ నుంచి కొంచెం ఎత్తి, వంగి, వెనక చూసింది. వదిలేసి నా వైపు తిరిగింది.

"దీన్ల ఆయన లేడు టీచరమ్మా."

వార్నిష్ రంగు చూపించాను. బంగారు గీత చూపించాను. ఈ పచ్చరంగు నువ్వు కోసిన అద్దమే కదా వదినా అన్నాను. ఆమె ఓపికగా విన్నది, ఆయన లాగానే.

"అవన్ని దుకాణం. ఆయనేడి?" అంది. "నువ్వున్నవ్. మంచిగనే ఉన్నవ్. బతికున్నదానివి, గీ గోడకు ఎందుకుంటవ్? తియ్యి."

నేను పోయి ఫ్రేము ఎత్తి వెనక చూశాను. నా పేరు. పెద్ద అక్షరాలతో, రెండుసార్లు దిద్ది ఉంది. ఫ్రేము కట్టించిన కొత్త దుకాణంలో అలవాటు కొద్దీ నేనే చెప్పి రాయించాను, చెప్పినట్టు కూడా గుర్తులేదు. మళ్లీ ముందు వైపు చూశాను. ఆమె చెప్పాక అబద్ధం ఆడటం కష్టం. ఆ బొమ్మలో ఎక్కడ చూసినా నా చెయ్యే ఉంది. ఎంత బాగా గుర్తుపెట్టుకున్నానో చూడండి అని వచ్చినవాళ్లకు చూపించుకుంటున్న చెయ్యి. అమ్మ బొమ్మ వేసేటప్పుడు ఎవరు చూస్తారన్న ఆలోచనే లేదు నాకు. సిగ్గేసింది, బాధేసింది, ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. వదిన నవ్వలేదు, కానీ నా భుజం మీద చేయి వేసింది.

బొమ్మ దించాను. తూర్పు గోడకు మిత్రులు తమ బొమ్మల్ని తలా జానెడు జరిపి చోటు చేశారు. అక్కడ తగిలించాక వదిన కొంచెం దూరం జరిగి, ఒక కన్ను మూసి చూసింది.

"ఇగ నిలవడ్డది."

ఆ మాట ఇక ఎవరి నోటా వినననుకున్నాను. మూడోసారి విన్నాను.

దక్షిణం గోడకు మేకు అట్లాగే ఉంది. ఇద్దరం దాని వైపే చూస్తున్నాం. ఆమె గుడ్డసంచిలోంచి ఆయన పట్టుకారు, చెక్కముక్క తీసి నా చేతికి ఇచ్చింది. చెక్కముక్క ఆనించి, కొద్దికొద్దిగా తిప్పుతూ, నిటారుగా లాగాను. పెచ్చు ఊడలేదు. నా సంచిలో సుద్దముక్కలు ఎప్పుడూ ఉంటాయి. పొడి చేసి జిగురు కలిపి బొటనవేలితో నింపాను. వదిన కొంగు చివర తడిపి తుడిచింది. మేకును చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకుంది. కాసేపటికి ఆ గుంట ఎక్కడుందో మాకే తెలియలేదు.

మెట్ల మీద అతిథుల మాటలు వినిపించాయి. ముందు వచ్చిన పెద్దమనిషి హాలంతా ఒకసారి కలయజూసి, ఆ గోడకు ఏమీ పెట్టలేదేమని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కోదాడ మిత్రుడు అందుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ గోడ కోసం పోట్లాడిన మనిషి ఆయన.

"అది మా పటాలాయన గోడండీ," అన్నాడు.

వదిన ఆ గోడకు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. నా బొటనవేలికి సుద్ద ఇంకా తడిగానే ఉంది. ఆ చేతులతోనే అతిథికి నమస్కారం పెట్టాను.